మా తాతగారి విమానం కోసం మిషిగన్ దాకా

అమెరికా వెళ్ళివచ్చినవారు జలపాతం గురించి రాస్తారు, ఆకాశాన్నంటే మేడల గురించి రాస్తారు. నేను ఆ రెండూ చూడలేదు. నేను వెళ్ళింది ఒక చెక్క కోసం. మూడడుగుల పొడుగు, అడుగు వెడల్పు. దాని మీద మా ఎస్టేటు పేరు ఉందని కబురు వచ్చింది, వెళ్ళాను. విమానం టికెట్టు ఎవరు కొన్నారన్న సంగతి ఇక్కడ రాయను. అది నాకూ మా బావమరిదికీ మధ్య ఉన్న విషయం.

సింగవరం ఎస్టేటు ఇప్పుడు లేదు. జమీందారీలు రద్దయినప్పుడు అదీ పోయింది. మా దివాణంలో సగం హైస్కూలు, పావువంతు పశువుల ఆస్పత్రి, మిగిలిన పావులో మేము. గేదెలకు సూదులు వేసే గది ఒకప్పుడు సంగీతశాల. అరుపులు ఇప్పటికీ బాగా వినిపిస్తాయి.

యుద్ధకాలంలో మా తాతగారు బ్రిటిషు ప్రభుత్వానికి ఒక విమానం ఇచ్చారు. అంటే దాని ఖరీదు ఇచ్చారు. అలా ఇచ్చినవారి పేరు విమానం ఒంటి మీద రాసేవారు. గవర్నరు కచేరీ నుంచి కృతజ్ఞతాపత్రం వచ్చింది కాని, అందులో 'ఒక విమానం' అని తప్ప ఏ విమానమో లేదు. ఆ ఖాళీని మా ఇంట్లోవాళ్ళమే పూరించుకున్నాం. మా నాన్నగారి హయాంలో అది బాంబరు అయింది. మా మేనత్త చెప్పేటప్పుడు బెర్లిన్ మీద మూడుసార్లు తిరిగింది. నేను చెప్పేటప్పుడు అయిదుసార్లు. పత్రం తరవాత ఒక తుఫానులో తడిసి ముద్దయింది.

మా ఊరి క్లబ్బులో తాతగారి నిలువెత్తు చిత్రం కింద 'బాంబరు విమాన దాత' అన్న పలక ఉండేది. రెండేళ్ళ క్రితం కొత్త సెక్రటరీ వచ్చాడు. రైసుమిల్లు ఆసామి, లెక్క మనిషి. "రుజువు చూపిస్తే ఉంచుతానండి" అని ఆ పలక మీద ఎరువుల కంపెనీ కాలెండరు తగిలించాడు. నేను క్లబ్బుకు వెళ్ళడం మానేశాను. పేకాట కన్నా పరువు పెద్దది.

అటువంటి రోజుల్లో మిషిగన్ నుంచి శేషు ఉత్తరం రాశాడు. శేషు మా ఆవిడ తమ్ముడు, కార్ల కంపెనీలో ఇంజనీరు. నన్ను ఆట పట్టించడానికి మా బాంబరు కథను ఏదో విందులో అందరికీ చెప్పాడట. అక్కడున్న ఒక ముసలి ఇంగ్లీషువాడు గ్లాసు కింద పెట్టి, "సింగవరమా? దాని ముక్క నా దగ్గర ఉంది" అన్నాడట. ఇమ్మని అడిగితే, "ఓనరు రావాలి. ఆయనతో తేల్చుకోవలసింది ఒకటుంది" అన్నాడట.

నిరుడు, అంటే ఎనభై ఎనిమిది అక్టోబరులో, ఓనరు బయలుదేరాడు. మోకాళ్ళ నొప్పుల వల్ల మా ఆవిడ రాలేదు.

ఐసెలిన్: ఏ ఎయిర్‌లైన్స్ అండీ

శేషు కారేసుకుని న్యూజెర్సీ దాకా ఎదురొచ్చాడు. మొదటి రెండు రోజులు ఐసెలిన్‌లో అతని స్నేహితుడి ఇంట్లో ఉన్నాం. అక్కడ ఓక్ ట్రీ రోడ్డులో మనవాళ్ళ దుకాణాలు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. ఒక గుజరాతీ ఆవిడ కొట్లో వంకాయలు పౌను డాలరు పైన. నేను మనసులో గుణిస్తున్నానని శేషు పసిగట్టాడు.

"రూపాయల్లోకి మార్చకండి బావగారూ. మారిస్తే ఈ దేశంలో భోజనం చెయ్యలేరు."

డబ్బు కట్టే వరసలో మా ముందు ఒక తెలుగు ఆవిడ ఉంది. గుంటూరు వైపు మాట. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "మీరు గ్రీన్‌కార్డాండీ, విజిటరాండీ?" అంది.

"నేను సింగవరం."

"అది కాదండీ, మీ స్టేటస్ ఏంటీ అని."

మా స్టేటస్ అడిగినవారు ఈమధ్య లేరు కనుక కొంచెం వివరంగానే చెప్పాను. దివాణం, ఏనుగు, సంగీతశాల అన్నీ విన్నది.

"మరి ఇప్పుడు ఏం పని మీద వచ్చారండీ?"

"మా విమానం చూసుకోవడానికి."

"ఓహో. మీది ఏ ఎయిర్‌లైన్స్ అండీ?"

శేషు బియ్యం బస్తాల వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ఆవిడ బిల్లు వెనక ఒక నంబరు రాసి నా చేతిలో పెట్టింది. "మా తమ్ముడండీ, ఎం.ఎస్. అయిపోతోంది. మీ కంపెనీలో జాబ్ ఉంటే స్పాన్సర్ చేయండి. వీసాకి టైమ్ తక్కువుంది." ఆ కాగితం భద్రంగా దాచాను. విమానాలు పెరిగితే తప్పకుండా ఆలోచిస్తాను.

పెన్సిల్వేనియా: సొంత చేత్తో

న్యూజెర్సీలో పెట్రోలు పోయడానికి మనిషి ఉన్నాడు. పరుగెత్తుకొచ్చి పోసి, అద్దం తుడిచి, "హావ్ ఎ గుడ్ డే సర్" అన్నాడు. ఆ దేశం మీద నాకు గౌరవం కలిగింది. పెన్సిల్వేనియాలో ఆగితే ఎవరూ రాలేదు. నేను కదలకుండా కూర్చున్నాను. అయిదు నిమిషాలకు శేషు, "ఎవరూ రారు బావగారూ, ఇక్కడ మనమే పోసుకోవాలి" అన్నాడు.

"పెద్దవాళ్ళు వస్తే?"

"పెద్దవాళ్ళూ పోసుకుంటారు. మా వైస్ ప్రెసిడెంట్ పోసుకుంటాడు."

వైస్ ప్రెసిడెంటుకు చేతనైనది నాకు చేతకాదా అని దిగాను. గొట్టం తీసి, కారులో పెట్టకముందే మీట నొక్కాను. కొత్త బూట్లు, పాంటు మోకాళ్ళ దాకా తడిశాయి. పక్క కారు ఆయన నోట్లోని సిగరెట్టు తీసి దూరంగా విసిరేసి, ఇంకా దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. తరవాత రెండు వందల మైళ్ళు అద్దాలు దించుకుని చలిలో వెళ్ళాం. బయట చెట్లన్నీ ఎరుపు, పసుపు, కాషాయం. అంత అందమైన అడవిని అంత పెట్రోలు వాసనతో చూసినవాణ్ణి నేనొక్కణ్ణే అయివుంటాను.

డేటన్: బీరువా

ఒహాయోలో డేటన్ అనే ఊరి దగ్గర విమానాల ప్రదర్శనశాల ఉంది. మా దివాణం లాంటివి నలభై పడతాయి. చిత్రంగా, టిక్కెట్టు లేదు. మా విమానం రకం పేరు అల్బెమార్ల్ అని ఆ ఇంగ్లీషాయన శేషుకు చెప్పాడు. అది ఇంగ్లండులో ప్రభువుల బిరుదని నేను మద్రాసులో చదువుకున్న రోజుల్లోనే విన్నాను. ఆ పేరు పెట్టారంటే మాటలు కాదు.

టోపీ నిండా బిళ్ళలు గుచ్చుకున్న ఒక పెద్దమనిషి జనానికి విమానాలు చూపిస్తున్నాడు. పేరు వాల్ట్. పోస్టుమాన్‌గా రిటైరై, జీతం లేకుండా ఈ పని చేస్తున్నాడు. నేను అడిగింది విని చేయి కలిపాడు.

"పదకొండేళ్ళ నుంచి ఇక్కడున్నాను సర్. అల్బెమార్ల్ ఎక్కడ అని అడిగిన మొదటి మనిషి మీరే."

నా వెన్ను ఇంకాస్త నిటారయింది.

"అది ఇక్కడ లేదు. ఎక్కడా లేదు. ప్రపంచంలో ఒక్కటి కూడా మిగల్లేదు. ఎవరూ దాచుకోలేదు."

"అంత అపురూపమా?"

"అంత అక్కర్లేనిది సర్."

వాల్ట్‌కు మర్యాద తెలుసు, అబద్ధం తెలియదు. ఆయన చెప్పింది ఇది. యుద్ధంలో లోహానికి కరువు వస్తుందని భయపడి, ఉక్కు గొట్టాల చట్రం మీద ప్లైవుడ్ తొడిగి ఒక బాంబరు చేద్దామనుకున్నారు. ఒక కంపెనీ మొదలుపెట్టి ఇంకో కంపెనీకి అప్పగించింది, విమానాలు కూర్చింది మూడోది. ముక్కలు చేసింది విమానాల వాళ్ళే కాదు, కుర్చీలు, బల్లలు చేసే కార్ఖానాలు కూడా. తీరా తయారయ్యేసరికి అంతకన్నా మంచి బాంబర్లు వచ్చేశాయి. దీన్ని ఏం చెయ్యాలో తోచక సామాను మొయ్యడానికి, సైనికులున్న గ్లైడర్లను లాగడానికి పెట్టారు. గ్లైడరుకు ఇంజను ఉండదు, తాడు కట్టి ఇంకో విమానం లాగాలి.

"అంటే మా విమానం బెర్లిన్ మీద బాంబులు వెయ్యలేదా?"

"బెర్లిన్ దాకా తాడు కట్టి ఎవర్నీ లాక్కెళ్ళలేదు సర్."

బయటికి వచ్చాం. హైవే ఎక్కాక శేషు మెల్లిగా అన్నాడు. "అయితే బావగారూ, మీ తాతగారు యుద్ధానికి బీరువా ఇచ్చారన్నమాట."

"రోడ్డు చూసి నడుపు."

"చూస్తూనే ఉన్నానండీ. ఆ బీరువాకి అద్దం ఉందో లేదో అని ఆలోచిస్తున్నాను."

ఆ రోజు మధ్యాహ్నం నేను భోజనం చెయ్యలేదు. నలభై ఏళ్ళుగా నేను ఎవరెవరికి ఎన్నిసార్లు బెర్లిన్ చూపించానో లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. ఇక మిగిలింది ఆ చెక్క. బాంబరు కాకపోతే పోయింది, కనీసం విమానం ఉందన్న రుజువైనా తీసుకువెళ్ళకపోతే, ఎరువుల కాలెండరు కిందే మా తాతగారు మిగిలిపోతారు.

నోవై: అందరూ నువ్వే

శేషు ఇల్లు నోవైలో. ఆ వీధిలో ఇళ్ళన్నీ ఒకేలా ఉంటాయి. మొదటి సాయంత్రం నడిచివస్తూ పక్కవాళ్ళింటి తలుపు తీయబోయాను. వాళ్ళు నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, శేషుకు ఫోను చేశారు. మా ఊళ్ళో అయితే ముందు కుక్కను వదిలేవారు.

శేషు కూతురు లావణ్యకు పదహారేళ్ళు. అక్కడే పుట్టింది. ఆ పిల్లకు లోకంలో అందరూ 'నువ్వే'.

"మామయ్యా, నువ్వు ఆ స్కార్ఫ్ ఎందుకు వేసుకున్నావ్? మెడకి కోల్డ్ లేదు, షోల్డర్‌కే కోల్డా?"

అది జరీ కండువా, మా తాతగారిది. ముఖ్యమైన పని మీద వెళ్ళేటప్పుడు కోటు మీద వేసుకుంటాను. మర్నాడు ఇంగ్లీషాయన్ని కలవడానికి వెళ్తున్నాం కనుక ఇస్త్రీ చేయించి వేసుకుని చూసుకున్నాను. అది స్కార్ఫు కాదని చెప్పడానికి అరగంట పట్టింది. చివరికి, "ఓకే, సో ఇట్స్ లైక్ ఎ క్రౌన్, బట్ ఫ్లాట్" అంది. అంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

హ్యూరన్ సరస్సు దారిలో

ఇంగ్లీషాయన పేరు ఆర్థర్ పెల్. యుద్ధం అయ్యాక భార్యతో మిషిగన్ వచ్చి, కార్ల బొమ్మలు గీసే పనిలో చేరి రిటైరయ్యాడు. ఉత్తరంగా హ్యూరన్ సరస్సు ఒడ్డున చిన్న ఊళ్ళో ఉంటున్నాడు. దారిలో ఆపిళ్ళ రసం తీసే మిల్లు దగ్గర ఆగాం. అక్టోబరులో అక్కడివాళ్ళంతా పిల్లాపాపలతో వచ్చి వరసలో నిలబడతారు. మా చెరుకు గానుగ దగ్గర వాసనే. అప్పుడే నూనెలోంచి తీసిన డోనట్లు డజను రెండు డాలర్లు. మధ్యలో బెజ్జం ఉన్న గారెలు, చక్కెర అద్ది ఇస్తారు. నేను రెండే తిన్నానని శేషుతో అన్నాను. డజనులో అయిదు మిగిలాయి, శేషు తిన్నది మూడు.

పెల్ గారి ఇల్లు తెల్లది, చిన్నది. ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, చేతిలో ఉన్ని టోపీ. నన్ను చూడగానే టోపీ పెట్టుకుని చేయి చాపాడు.

"సింగవరం ఓనరు మీరేనా?"

"వారసుణ్ణి."

"అది చాలు. రండి, ముందు మీ విమానం చూడండి."

పెరట్లోకి తీసుకువెళ్ళాడు. అక్కడ ఒక కుక్కల గూడు. గూటి నుదుటి మీద, కుక్క దూరే కంత పైన, తెల్లటి ఇంగ్లీషు అక్షరాల్లో మా ఎస్టేటు పేరు. దాని కింద ఒక పెద్ద గోధుమరంగు కుక్క గడ్డం నేలకానించి నన్ను చూస్తోంది.

"దాని పేరు డ్యూక్," అన్నాడు పెల్.

రాజ్యాలు పోయినప్పుడు మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. ఆ గూటి ముందు నేను కండువా కొసతో కళ్ళు తుడుచుకున్నాను. శేషు కూడా నవ్వలేదు. అతన్ని అప్పటి నుంచి కొంచెం ఎక్కువగా ఇష్టపడుతున్నాను. అయితే ఒకటి చూశాను. గూడు పాతది, రంగు వెలిసింది. అక్షరాలు మాత్రం కొత్తగా మెరుస్తున్నాయి.

"ఏటా ఏప్రిల్‌లో రంగు వేస్తాడు," అంది వెనక నుంచి ఒక గొంతు. పెల్ గారి భార్య డోరిస్. "ఇంటికి వేసి ఆరేళ్ళయింది. దానికి మాత్రం ఏటా వేస్తాడు. టీ పెట్టాను, రండి."

తాడు సంగతి

టీ బల్ల దగ్గర పెల్ తన కేసు వినిపించాడు. ముందు ఒక బిస్కట్టు పెట్టాడు, అది మా అల్బెమార్ల్. వెనక ఇంకో బిస్కట్టు, అది అతను నడిపే గ్లైడరు. మధ్యలో డోరిస్ ఊలు దారం.

"తాడుకు రెండు కొసలు. రెండు చోట్లా వదిలే మీట ఉంటుంది. కాని మాలో ఒక మర్యాద ఉంది. వదిలేది ఎప్పుడూ గ్లైడరువాడే. దిగవలసింది వాడు కాబట్టి. లాగేవాడు తన కొస వదలకూడదు, వదిలితే మూడు వందల యాభై అడుగుల తాడు గ్లైడరు ముక్కుకు వేలాడుతుంది. గ్లైడరువాడు వదిలితే తాడు లాగే విమానం వెంట పోతుంది. వాడు దాన్ని ఏరోడ్రోము దగ్గర పడేసి దిగుతాడు. అర్థమైందా?"

అర్థమైందన్నాను. శేషు దారం ఒక కొస పట్టుకుని చూసుకుంటున్నాడు, ఇంజనీరు కదా.

"నలభై నాలుగు వసంతకాలం. ప్రాక్టీసు. నా వెనక ఇరవై అయిదుగురు సైనికులు, అందరూ వాంతులు చేసుకుంటున్నారు. గ్లైడరులో అది మామూలే, నేల మీద కాలు నిలవదు. ముందు మీ సింగవరం. దాని పైలటు కోలిన్ అనే కుర్రాడు. ఉన్నట్టుండి తాడు ఊడిపోయింది. ఒక్క మాట చెప్పలేదు. తాడులోనే టెలిఫోను తీగ ఉంది, అయినా చెప్పలేదు. నేను ఒక పాదిరీ గారి కాబేజీ తోటలో దిగాను. రెండు పళ్ళు పోయాయి. పాదిరీ గారు పార పట్టుకుని పరుగెత్తుకొచ్చి, మమ్మల్ని జర్మన్లనుకుని ముందు ఒక సార్జెంటును కొట్టారు. మర్నాడు విచారణ. మీ విమానమే నన్ను వదిలేసిందని చెప్పాను."

"కోలిన్ ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. కాదని కూడా అనలేదు. వాడి సెలవు రద్దు చేశారు. సెప్టెంబరులో వాడు పోయాడు, ఆ విమానంతో కాదు, ఇంకోదానితో." పెల్ టీ కొంచెం తాగాడు. "యుద్ధం అయ్యాక మీ విమానాన్ని తుక్కుకు వేస్తుంటే వెళ్ళి, సిగరెట్లిచ్చి ఆ చెక్క తెచ్చుకున్నాను. నాకు ఎవరూ సారీ చెప్పలేదు. కోలిన్ లేడు. ప్రభుత్వం చెప్పదు. మిగిలింది ఓనరు. మీరు సారీ చెప్పండి, చెక్క తీసుకెళ్ళండి."

నాకు ఒళ్ళు మండింది. మా తాతగారు డబ్బిచ్చారు కాని తాడు పట్టుకోలేదు. ఆ మాట అనబోతూ, మాట వరసకు అడిగాను. "మీరు కాబేజీల్లో దిగాక, మా విమానం ఏం చేసింది?"

"ఏం చేస్తుంది? తిరిగి వెళ్ళి, ఎప్పటిలాగే తాడును ఏరోడ్రోము దగ్గర పడేసి, దిగింది. కోలిన్ వెళ్ళి టీ తాగాడు. నేను ఒంటి మీది కాబేజీలు దులుపుకుంటుంటే వాడు టీ తాగాడు."

శేషు చేతిలోని దారం చూశాడు. తరవాత నన్ను చూశాడు. తాడు మా విమానం వెంట వెళ్ళిందంటే, వదిలింది గ్లైడరు.

"మిస్టర్ పెల్, వన్ సెకండ్. ఇఫ్ ద రోప్..." అని శేషు మొదలుపెట్టాడు. బల్ల కింద అతని పాదం మీద నా బూటు పెట్టి గట్టిగా నొక్కాను. పెట్రోలు తాగిన బూటు, బాగా గట్టిపడింది.

డోరిస్ కప్పులో చెంచా తిప్పుతోంది. ఆవిడ చక్కెర వేసుకోలేదు. ఆవిడకు తెలుసని నాకు అప్పుడు అర్థమైంది.

నేను గెలిచాను. ఒక్క వాక్యం అంటే చాలు. కాని ఒక మనిషిని అతని ఇంట్లో, అతని టీ తాగుతూ, అతని భార్య ఎదుట అబద్ధీకుణ్ణి చెయ్యడం మా ఇంట్లో ఎవరూ చేసిన పని కాదు. పైగా ఆ మాట అంటే చెక్క రాదు. ఈ రెంటిలో నాకు ఏది ముందు తోచిందో నన్ను అడగవద్దు.

గుమ్మం బయట

మా వంశంలో క్షమాపణ నోటితో చెప్పరు. దానికి వేరే పద్ధతి ఉంది. ఎస్టేటు ఏనుగు ఒకసారి ఒక రైతు చెరుకుతోట తినేసింది. తాతగారు ఆ రైతు ఇంటికి నడిచి వెళ్ళి, గుమ్మం బయట, భుజం మీది కండువా తీసి చేతుల్లో పట్టుకుని, ఎండలో నిలబడ్డారు. మాట లేదు. ఇంటివాడు మంచినీళ్ళు తెచ్చి లోపలికి పిలిచేదాకా అలా నిలబడాలి. పిలిస్తే తప్పు చెల్లినట్టు. ఆ రోజు నేను చూశాను, నాకు తొమ్మిదేళ్ళు.

లేచి బయటికి నడిచాను. మెట్లు దిగి, కండువా తీసి మడిచి, రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాను. సరస్సు మీంచి గాలి కత్తిలా వస్తోంది.

వల తలుపు లోపలి నుంచి పెల్ గొంతు వినిపించింది. "ఈయనకు ఒంట్లో బాగాలేదా?"

"అది వాళ్ళ ఫ్యామిలీ అపాలజీ," అని శేషు మొత్తం పద్ధతి చెప్పాడు. ఏనుగుతో సహా.

"నేను పిలవకపోతే?"

"నిలబడే ఉంటారు. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను మిస్టర్ పెల్, మా బావగారు డిసెంబరు దాకా నిలబడగలరు. మీకు మంచు పడుతుందిగా, చూద్దురుగాని."

పెల్ నీళ్ళ గ్లాసుతో బయటికి వచ్చాడు. రెండో మెట్టు మీద ఆగిపోయాడు. నన్ను చూశాడు, నా చేతుల్లోని కండువా చూశాడు. గ్లాసులో నీళ్ళు తొణికి అతని వేళ్ళ మీద పడ్డాయి. నలభై నాలుగేళ్ళుగా అడిగినది ఎదురుగా నిలబడి ఉంటే, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టున్నాడు.

వెనక్కి తిరగకుండానే అన్నాడు. "డోరిస్, తాడు వదిలింది నేనే. చేయి జారింది."

"తెలుసు ఆర్థర్," అంది లోపలి నుంచి. "గ్లాసు పడేయకు."

పెల్ చివరి మెట్టు దిగి గ్లాసు నాకిచ్చాడు. "లోపలికి రండి," అన్నాడు. తాగి, కండువా భుజం మీద వేసుకుని లోపలికి వెళ్ళాను. డోరిస్ వంటింటి సొరుగులోంచి స్క్రూడ్రైవరు తీసి నా చేతిలో పెట్టింది. "చెక్క ఇక మీది. నాలుగు మరలు. మూడోది తుప్పు పట్టింది, తొందరపడకండి."

ఆ చెక్క ఇప్పుడు మా క్లబ్బులో, తాతగారి చిత్రం కింద ఉంది. ఎవరైనా చూడవచ్చు. 'బాంబరు' అన్న పాత పలక నేనే తీయించి, 'గ్లైడర్లను లాగిన విమానం' అని కొత్తది రాయించాను.

ఆ రోజు స్క్రూడ్రైవరు పట్టుకుని వెనక్కి తిరిగితే పెల్ లేడు. లోపలికి రాలేదు. వల తలుపులోంచి చూశాను. ఇందాక నేను నిలబడ్డ చోటే, ఉన్ని టోపీ తీసి రెండు చేతుల్లో పట్టుకుని, గాలికి తెల్ల జుట్టు రేగిపోతుంటే, మా గుమ్మం ముందు నిలబడ్డట్టు నిలబడి ఉన్నాడు. కాని ఇల్లు అతనిది.

"ఎంతసేపు ఉంటాడు?" అంది డోరిస్.

"బావగారు పిలిచేదాకా," అన్నాడు శేషు.

"అయితే పిలవండి. ఆపిల్ పై చల్లారిపోతోంది."

గ్లాసు నిండా నీళ్ళు పట్టుకున్నాను. తలుపు దగ్గర ఆగాను. కోలిన్ ఒక్క మాట అనకుండా పోగొట్టుకున్న సెలవు గుర్తొచ్చింది. నిమిషంన్నర ఆగాను. మా తాతగారైతే రెండు నిమిషాలు ఆగేవారు.

తరవాత తలుపు తీసి, మెట్లు దిగి, నీళ్ళిచ్చి, అతని ఇంట్లోకి అతన్ని రమ్మన్నాను. ముందు డ్యూక్ వచ్చింది.